మేకుల నుంచి మాటలు ఊడదీసిన అలువాన్

నాన్‌వెయి రేవులో ఐస్ కోసం వరుసకట్టిన ఇరవై ముగ్గురు ఇండోనేషియా కలాసీలను నోరు మెదపకుండా, చెయ్యి ఊపకుండా, నవ్వుకుంటూ వెనక్కి వెళ్లేట్టు చేయడం పాన్ షియూలువాన్ సాధించిన మొదటి ఘనకార్యం. దానికి పదకొండు నెలలు పట్టింది. పని మొత్తం రెండు మాటలు: "ఎస్ హాబిస్". ఐస్ అయిపోయింది అని అర్థం.

రెండు మాటలకు పదకొండు నెలలా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. అంతకుముందు ఏడేళ్లపాటు ఐస్ ఫ్యాక్టరీ తెర మీద అదే సంగతి చైనా అక్షరాల్లో ఎర్రగా వెలుగుతూనే ఉండేది. దాని కిందే కలాసీలు ఎండలో గంటసేపు నిలబడేవాళ్లు. తీరా కిటికీ దాకా వచ్చి, ఖాళీ తొట్లు ఈడ్చుకుంటూ తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఆ తిట్లన్నీ పడింది కిటికీ వెనక కూర్చున్న ఆమే. తిట్టు ఏ భాషదైనా తగలాల్సిన చోటే తగులుతుంది. ఐస్ లేదన్న కబురుకు మాత్రం భాష కావాలి.

రేవంతా ఆమెను అలువాన్ అనే పిలుస్తుంది. వలలు బాగుచేసే పాన్ వాళ్ల మూడో కూతురు. తొమ్మిదో తరగతితో బడి ముగించి, పంతొమ్మిదో ఏట ఐస్ కిటికీ వెనక కూర్చుంది. ముప్పై ఏడో ఏట పక్క పట్నంలో సాయంత్రం బడికి వెళ్లి కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చింది. తరగతిలో మిగతా అందరూ ఇరవై దాటనివాళ్లు. "మీకెందుకమ్మా ఈ శ్రమ?" అని పంతులు అడిగితే, "రోజుకి యాభై తిట్లు పడుతున్నాయండీ, పాతికకి దింపుదామని" అన్నది. నేర్చుకుని వచ్చాక జాలరుల సంఘం తన సైట్ బాగోగులు కూడా ఆమెకే అప్పగించింది. జీతం పెంచలేదు గానీ కుర్చీకి చక్రాలు వేయించింది.

ఆ సైట్ లేనిదే మా అరవై రెండు పడవలకూ పూట గడవదు. ఐస్ అడగాలన్నా, డీజిల్ అడగాలన్నా, వేలంపాటలో వరుస దక్కాలన్నా, తుఫాను వేళ పడవ ఎక్కడుందో చెప్పాలన్నా ఫోన్‌లో అదే తెరవాలి. సరంగులు మా రేవువాళ్లే అయినా ఫోన్ నొక్కే చేతులు మాత్రం ఎక్కువగా కలాసీలవి. సరంగు చుక్కాని వదలడు కదా.

సైట్ కట్టింది సంఘాధ్యక్షుడు హుంగ్ వన్‌చాయ్ గారి మేనల్లుడు. తెలివైనవాడే, కానీ తొందరమనిషి. తెర మీద కనబడే మాటలన్నీ ప్రోగ్రాం లోపలే, ఎక్కడికక్కడ మేకులు కొట్టి బిగించేసి ఉత్తరాదికి ఉద్యోగానికి వెళ్లిపోయాడు. గోడకు బోర్డును మేకులతో కొడితే, బోర్డు మార్చాలంటే గోడ పెచ్చులూడుతుంది. కొక్కెం పెట్టి తగిలిస్తే ఇవాళ ఒక బోర్డు, రేపు ఇంకోటి. అలువాన్ చేసింది అదే. ఒక్కొక్క మాటనూ మేకు నుంచి ఊడదీసి, దానికొక పేరు పెట్టి, విడిగా పట్టీలో రాసుకుంది. అది ఉన్నచోట కొక్కెం మాత్రం మిగిల్చింది. చైనా భాష చదివేవాడు తెరిస్తే చైనా పట్టీలోంచి, కలాసీ తెరిస్తే ఇండోనేషియా పట్టీలోంచి అదే పేరున్న మాట వచ్చి ఆ కొక్కేనికి తగులుకుంటుంది. మొదటి మేకు లాగినరోజున ఐస్ మాట రాలేదు, డీజిల్ పేజీ కూలింది. మూడు రోజులు డీజిల్ చీటీలు చేత్తో రాసి ఇచ్చింది. అయినా వదల్లేదు. మొత్తం వెయ్యిన్ని రెండు వందల పద్నాలుగు మాటలు ఊడదీసింది. ఈ తీరం వెంట ఇంకే రేవులోనైనా ఇంత పని ఒంటిచేత్తో చేసినవాళ్లుంటే వచ్చి చెప్పవచ్చు.

ఆ మాటలకు ఇండోనేషియా రూపం ఇచ్చింది తార్జోనో. జావా దీవిలో తెగల్ రేవువాడు. ఇరవై ఎనిమిదేళ్లు. చువాంగ్ మింగ్‌తె అనే సరంగు దగ్గర పని. పడవ ఒడ్డున ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఐస్ కిటికీ దగ్గరికి వచ్చి, పీట మీద కూర్చుని, పట్టీలో మాటలు ఒక్కొక్కటే చదివించుకుని తన భాషలో చెప్పేవాడు. అలువాన్ పాలబొంత చేప గంజి ఒక గిన్నె పెట్టేది. జీతం అదే.

చైనా మాట రెండక్షరాల్లో ఇమిడిపోతుంది. తార్జోనో మాటలు బటన్‌లో పట్టక నూడుల్స్‌లా అంచు మీంచి వేలాడేవి.

"కొంచెం పొట్టి మాట లేదా తమ్ముడూ?"

"ఉంది గానీ అక్కా, అది మా పెద్దవాళ్ల ముందు అనకూడని మాట."

"అయితే బటన్‌నే సాగదీస్తాలే."

ఇంకోరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "అక్కా, నా ఒప్పందం నూట పదహారో సంవత్సరంలో అయిపోయిందంట. సైట్‌లో ఉంది. అంటే పంతొమ్మిది వందల ఏళ్లుగా ఊరికే చేపలు పడుతున్నానా?"

మా కాగితాల్లో సంవత్సరం గణతంత్రం వచ్చిన నాటి నుంచి లెక్క. ఇది నూట పద్నాలుగు, మిగతా లోకానికి రెండువేల ఇరవై ఐదు. అందరికీ అలాగే ఉంటుందనుకుని మేనల్లుడు దాన్నీ మేకు కొట్టేశాడు. "పంతొమ్మిది వందల ఏళ్లకి నీ జుట్టు భలే నల్లగా ఉందే" అంటూ అలువాన్ ఆ మేకును కూడా పీకింది. చదివేవాడి లెక్కలో చదివేవాడికి తేదీ కనబడేట్టు చేసింది. అది ఆమె నాలుగో ఘనకార్యం. రెండోది డీజిల్ పేజీ, మూడోది సాగే బటన్లు.

వెయ్యిన్ని రెండు వందల పద్నాలుగూ ఊడివచ్చాయి గానీ ఇంకో మూడు మాత్రం రాలేదు. ఎందుకంటే అవి మాటలు కావు, బొమ్మలు.

తుఫాను పేజీలో మూడు బటన్లున్నాయి. పడవ రేవులో కట్టి ఉంది అనేది ఒకటి, సముద్రంలో ఉంది అనేది ఒకటి, సాయం కావాలి అనేది ఒకటి. "ప్రాణాలకు సంబంధించిన పేజీ, అచ్చు అక్షరాలేమిటి, మర్యాదగా ఉండాలి" అని హుంగ్ గారు ఆ మూడింటినీ స్వయంగా కుంచెతో రాశారు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. కుంచె రాతలో జిల్లా స్థాయిలో రెండో బహుమతి అందుకున్నవారు. ఆయన రాత గాలికి కొట్టుకుపోయే గడ్డిలా ఒక్క ఊపున పోతుంది. కుంచె పైకి లేవదు. ఆ మూడు రాతలనూ ఫోటో తీసి సైట్‌లో అతికించారు. బొమ్మకు కొక్కెం తగిలించవచ్చు గానీ, బొమ్మలో ఉన్న మాటను ఏ పట్టీలో రాస్తారు? ఆ బొమ్మలు తీసేద్దామని అలువాన్ ఒకసారి మాట కదిపింది. "కాలెండర్‌కి కూడా ఇవే వేద్దామనుకుంటున్నానమ్మా" అన్నారాయన. ఆమె బొమ్మలను అలాగే వదిలేసింది.

ఫిబ్రవరిలో ఆయనే ఒక కాగితం చుట్ట పట్టుకొచ్చారు. "సాయం కావాలి అన్నదానిలో చివరి గీత వణికిందమ్మా, అప్పట్లో భుజం నొప్పి. మళ్లీ రాశాను. చూడు, ప్రాణం ఉట్టిపడటం లేదూ? దీన్ని ముందు పెట్టు."

"ముందా పెదనాన్నా?"

"మంచి చేప తట్టలో పైనుండాలా, అడుగునుండాలా?"

అలువాన్ ముందు పెట్టింది. ఇంటికెళ్లి ఆ సంగతే మరిచిపోయింది.

మే నెల ఆరో తారీఖున తుఫాను కసరత్తు పెట్టారు. ఏటా వానాకాలం ముందు జరిగేదే. సైరన్ మోగగానే పడవ పడవకూ సైట్‌లో కబురు పెట్టాలి. రక్షణ దళం వాళ్లు అడ్డుకట్ట అవతల పడవల్లో సిద్ధంగా ఉండి చూస్తారు. మొదటి జెట్టీలో మొదటి పడవ చువాంగ్‌ది. సైరన్ మోగింది. చువాంగ్ పడవ నీడలో కూర్చుని ఫిష్‌బాల్ నూడుల్స్ తింటున్నాడు. "ఒరే తార్జోనో, కబురు పెట్టెయ్" అన్నాడు గిన్నెలోంచి తలెత్తకుండా. తార్జోనో నొక్కాడు.

నిమిషం తిరక్కుండా మూడు రక్షణ పడవలు నురగలు కక్కుకుంటూ అడ్డుకట్ట తిరిగి వచ్చాయి. జెట్టీ మీద అంబులెన్సు కూత పెట్టింది. నారింజరంగు చొక్కాలవాళ్లు నలుగురు పడవలోకి దూకి, చువాంగ్‌ను చంకల కింద పట్టి లేపారు. ఆయన చేతిలో గిన్నె, నోట్లోంచి వేలాడుతున్న నూడుల్స్. పడవ మూడు తాళ్లతో జెట్టీకి కట్టి ఉంది. కసరత్తు అక్కడితో ఆపేశారు. మిగతా అరవై ఒక్క పడవలవాళ్లూ ఫోన్లు మూసి, నవ్వడానికి తీరిక చేసుకున్నారు.

"చువాంగ్, గిన్నెలో నీళ్లు ఎంత లోతున్నాయిరా?"

"ఫిష్‌బాల్ పట్టుకుని ఈదావంట కదా!"

మార్కెట్‌లో చేపలమ్మే ఆడవాళ్లు కూడా "మునిగిపోయిన మొగాడొచ్చాడు, దారివ్వండే" అనసాగారు. రక్షణ దళం నుంచి సంఘానికి ఘాటైన ఉత్తరం వచ్చింది. చువాంగ్ తల కొట్టేసినట్టయింది. కోపం ఎక్కడో ఒకచోట దిగాలి కదా, కలాసీ మీద దిగింది. తార్జోనోను మచ్చ రాసి వెనక్కి పంపేయాలని సంఘంలో అర్జీ పెట్టాడు. ప్రమాదకరమైన నిర్లక్ష్యం అని కాగితం మీద పడితే ఇక ఏ రేవులోనూ ఏ పడవా ఎక్కించుకోదు. విచారణ మే పదహారుకి వేశారు. పది రోజులు గడువు.

తార్జోనో మర్నాడు ఐస్ కిటికీ దగ్గరికి వచ్చాడు. గంజి ముట్టలేదు.

"తప్పు నొక్కానా అక్కా? సరంగు చెప్పినట్టే నొక్కాను. ఈ పడవ ఎక్కిన మొదటి వారమే నేర్పాడు. రేవులో ఉంటే మొదటిది, సముద్రంలో ఉంటే నడిమిది, చావొస్తే చివరిది అని."

అలువాన్ కుర్చీని తెరవైపు తిప్పింది. మొదటిది ఇప్పుడు మొదటిది కాదు. ఫిబ్రవరిలో తన చేతులతోనే సాయం కావాలి అన్నదాన్ని ముందుకు తెచ్చింది. సైట్‌లో ఏ మార్పు ఏ రోజు జరిగిందో రాసి ఉంటుంది. తెరిచి చూసింది. తేదీ ఉంది, పక్కన తన పేరే ఉంది.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఎవరూ ఆ చిట్టా తెరవరు, తెరిచినా అర్థం చేసుకోలేరు. అదీగాక ఒప్పుకుంటే హుంగ్ గారి మాట కూడా బయటికి వస్తుంది. కానీ ఆ రాత్రంతా ఒక్క ప్రశ్న మాత్రం ఆమె చెవిలో కందిరీగలా తిరిగింది: తార్జోనోకి చదవడం రాదు సరే, చువాంగ్‌కి వచ్చు కదా. మూడు మాటలు చదివి నేర్పకుండా, మొదటిది నడిమిది అని ఎందుకు నేర్పాడు?

మర్నాడు ఆమె ఆ మూడు బొమ్మలూ కాగితం మీద అచ్చువేసుకుని సరంగులు టీ తాగే రేకుల పందిరి కిందికి వెళ్లింది. వక్కలు నములుతున్న ఒక ముసలి సరంగు ముందు ఒకటి పరిచింది.

"పెదనాన్నా, ఇందులో ఏం రాసుంది?"

"ఆహా! ఏం ఊపు! ఏం విసురు!"

"అవును గానీ ఏం రాసుంది?"

"కుంచె రాతంటే చదవడానికా అమ్మాయ్, చూడ్డానికి గానీ" అని ఆయన గబగబా టీలో మునిగిపోయాడు. పక్కాయన్ని అడిగితే కళ్లజోడు పడవలో ఉందన్నాడు. మూడో ఆయన "నన్నెందుకమ్మా ఇరికిస్తావు, నా కొడుకు పెళ్లికి పెద్దగా ఉండాల్సింది హుంగ్ గారే" అని లేచి వెళ్లిపోయాడు. అలువాన్‌కు అర్థమైంది. ఈ కుంచె రాత చదవడం రానిది ఒక్క తార్జోనోకి కాదు. రేవంతటికీ రాదు. ఏడేళ్లుగా అందరూ చోటు గుర్తుపెట్టుకుని నొక్కుతున్నారు.

విచారణ రోజు సంఘం హాల్లో పొడుగు బల్ల చుట్టూ ఏడుగురు సభ్యులు కూర్చున్నారు. ఐదుగురు సరంగులు, వేలం గుమాస్తా, అధ్యక్షులు హుంగ్ గారు. చువాంగ్ కూడా ఆ ఐదుగురిలో ఒకడే. తార్జోనో ఉతికిన చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మొదట అలువానే లేచింది.

"ముందొక మాట చెప్పాలి. ఫిబ్రవరి పన్నెండున ఆ బటన్ల వరుస మార్చింది నేను. ఒక్కరికీ చెప్పకుండా మార్చాను. తప్పు నాది."

హాల్లో గుసగుస బయలుదేరింది. హుంగ్ గారు టీ గిన్నె దించారు.

"నేను చెబితేనే మార్చింది" అన్నారు. "అయినా అందులో తప్పేముంది? వరుస మారితే ఏం, రాసుంది కదా? చదువుకుని నొక్కాలి."

"అదీ మాట!" అని చువాంగ్ బల్ల చరిచాడు. "చదవడం రానివాడు ఫోన్ ముట్టుకోవడమెందుకు?"

"నిజమే బాబాయ్" అన్నది అలువాన్. "చదవడం వచ్చినవాళ్లు ఎలా నొక్కుతారో వీడికి ఒకసారి చూపిద్దామా? ఇదిగో, సైట్‌కి నకలు చేశాను. రక్షణ దళానికి తగలదు. పొద్దున వాళ్లకి ఫోన్ చేసి రెండుసార్లు చెప్పాను కూడా. మీ ఐదుగురి పడవలూ రేవులో కట్టి ఉన్నాయి. సైరన్ మోగింది. కబురు పెట్టండి."

ఐదుగురూ ఫోన్లు తీశారు. వరుస మార్చానని ఆమె ఇప్పుడే చెప్పింది కాబట్టి అలవాటుగా కళ్లు మూసుకుని మొదటిది నొక్కడానికి లేదు. మరి ఏది నొక్కాలి? ఒకాయన ఫోన్ దగ్గర పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. ఒకాయన పక్కాయన ఫోన్‌లోకి తొంగిచూశాడు. పక్కాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు, చూసి రాయడానికి తన దగ్గరా ఏమీ లేదని తెలియకుండా. చువాంగ్ మాత్రం తడుముకోలేదు. కుడివైపు చివరిది గట్టిగా నొక్కి చేతులు కట్టుకున్నాడు. తర్వాత మిగతావాళ్లు నొక్కారు.

గోడ మీది పెద్ద తెర వెలిగింది. రెండు పడవలు సాయం కోసం మొత్తుకుంటున్నాయి. రెండు సముద్రంలో ఉన్నాయి. ఒక్కటే రేవులో ఉంది, అది పక్కాయన ఫోన్‌లోకి తొంగిచూసినాయనది. చువాంగ్ పడవ నడిసముద్రంలో తేలుతోంది.

గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. "చువాంగ్ గారు ఈసారి మునగలేదు గానీ..."

"నోర్ముయ్యవయ్యా!"

"...తాళ్లు తెంచుకుని పోయారు."

హాలు గొల్లుమంది. చువాంగ్ కూడా నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాడు. హుంగ్ గారు మాత్రం నవ్వలేదు. తెరవైపు చూస్తూ, "ఏమయ్యా, మీరెవ్వరూ చదవలేదా?" అని అడిగారు. ఐదుగురూ ఫోన్లు బల్ల మీద బోర్లించారు.

"ఉండండి" అని ఆయన తన ఫోనే తీశారు. "మన చైనా రాత చదవడానికి ఇంత గోలా. ఇదిగో, ఇది... కట్టి ఉంది. ఇంతే కదా."

నొక్కారు. తెర మీద ఇంకో పడవ వచ్చింది. సముద్రంలో ఉంది.

గుమాస్తా గొంతు తగ్గించి అన్నాడు: "అధ్యక్షా, తమరు పడవ అమ్మేసి ఐదేళ్లయింది. ఎవరు నడుపుతున్నారో మరి."

ఈసారి ఒక్కరూ నవ్వలేదు. హుంగ్ గారు ఫోన్ దగ్గరికి తెచ్చుకున్నారు. బల్ల మీద అరచేతి వెడల్పున రాసిన అక్షరాలు ఆ ఫోన్‌లో వేలిగోరంత అయిపోయాయి. చాలాసేపు చూశారు. "ఇది నేనే రాశానా?" అన్నారు. తర్వాత గోడ పక్కన నిలబడ్డవాణ్ణి పిలిచారు.

"ఒరే అబ్బాయ్, నిజం చెప్పు. నీకేం కనబడుతుంది ఇందులో?"

తార్జోనో అలువాన్‌వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఇది కొంగలా ఉంటుంది తాతా. ఇది తెరచాప. కొత్తది... గాలికి ఎగిరే వల. బాగుంటాయి. కొత్తది మా అమ్మకి ఫోటో పంపాను. పెద్దది చేయించి గోడకి పెట్టుకుంది."

"మీ అమ్మకి దాని అర్థం తెలుసా?"

"తెలీదు తాతా. నాకూ తెలీదు కదా."

సాయం కావాలి అన్న రాత జావా దీవిలో ఒక ఇంటి గోడ మీద వేలాడుతోందని తెలిసి హుంగ్ గారి మీసం కదిలింది. మొదట కోపమేమో అనుకున్నారు అందరూ. కాదు. ఆయన పొట్ట చేత్తో పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వారు. కళ్లు తుడుచుకుని, ఒక్కొక్క సభ్యుణ్ణీ పేరుపేరునా చూశారు.

"ఏడేళ్లు ఆహా అన్నారు గదరా! రెండో బహుమతి ఇచ్చినవాళ్లు కూడా ఇలాగే ఆహా అన్నారేమో."

"మీ ముఖం చూసి చెప్పలేకపోయామండీ" అన్నాడు చువాంగ్ తలదించుకుని.

"నా ముఖం చూసి వీడి కడుపు కొడతావా?"

చువాంగ్ అప్పటికప్పుడు అర్జీ కాగితం అడిగి తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తార్జోనోవైపు చూడకుండానే, "రేపు పొద్దున మూడింటికి రా, ఆలస్యం చేస్తే అప్పుడు చెబుతా నీ సంగతి" అన్నాడు. మా రేవులో క్షమాపణ అడగడమంటే అంతకన్నా పొడుగ్గా ఉండదు. తార్జోనో ఉతికిన చొక్కా చేతితోనే ముఖం తుడుచుకున్నాడు.

హుంగ్ గారు తీర్మానం రాయించారు. తుఫాను పేజీలో బొమ్మలు తీసేయాలి. అచ్చు అక్షరాలు పెట్టాలి. చైనా మాటలు ఏవి ఉండాలో తానే చెబుతానన్నారు, అంతవరకు పట్టు వదల్లేదు. కలాసీలు ఏ భాషవాళ్లైతే ఆ భాషలో కనబడాలి. జూలై మొదటి తుఫానుకు ముందే జరగాలి. వరుసను చెప్పకుండా మార్చినందుకు అలువాన్‌ను మందలించినట్టు కూడా రాయించారు. ఆమె ఆ వాక్యం కింద మనస్ఫూర్తిగా సంతకం పెట్టింది. ఆ మందలింపు కాగితం నకలు ఆమె ఐస్ కిటికీ లోపలివైపు అంటించుకుంది. అది ఐదో ఘనకార్యం అంటారు రేవులో. ఆమె మాత్రం ఒప్పుకోదు.

బొమ్మలు తీయడం ఒక్క పూట పని. మాటలు పెట్టడం దగ్గరే తగువు వచ్చింది. తార్జోనో ఇచ్చిన మూడు మాటలూ పెట్టి కలాసీలను పిలిచి చూపించింది. తూర్పు దీవులవాళ్లు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు.

"ఇది తుఫాను కబురా, తెగల్ సంతలో బేరమా?"

"మునిగిపోతున్నవాడు ఇంత సాగదీసి అరుస్తాడా?"

తార్జోనో బుసకొట్టాడు. "మా ఊళ్లో ఇలాగే అరుస్తారు. మీ ఊళ్లో మునగడానికి నీళ్లే ఉండవు!"

"నువ్వు మునగడం చూశాంలే, తాళ్లు కట్టుకుని!"

గంటసేపు తెగలేదు. సాయం కావాలి అన్న ఒక్క మాటకే నాలుగు రూపాలు వచ్చాయి. నాలుగు జట్లవాళ్లూ మాదే సరైనది అన్నారు. అలువాన్ నాలుగూ రాసుకుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చదివి ఆలోచించుకునే మాట పనికిరాదు, కంటపడగానే వేలు దానంతటదే కదలాలి. అది ఏ మాటో పడవెక్కి పదేళ్లయినవాళ్లను అడిగితే తెలియదు. వాళ్లు చోటు గుర్తుపెట్టుకుని నొక్కేస్తారు, మా సరంగుల్లాగే. ఆ పేజీని ఇంతవరకు ఎన్నడూ చూడనివాళ్లకు చూపించాలి. అలాంటివాళ్లు తెగల్‌లో ఉన్నారు. అన్ని దీవుల నుంచీ విదేశీ పడవలు ఎక్కబోయేవాళ్లు వచ్చి మూడు వారాలు తర్ఫీదు తీసుకునేది అక్కడే.

"నేనే వెళ్లొస్తాను" అన్నదామె హుంగ్ గారితో. "నాలుగు మాటలూ వరుస మార్చి మార్చి రెండొందల మందికి చూపిస్తాను. వరుస ఎలా మార్చినా తప్పు నొక్కని మాట ఏదో అది పెడదాం."

"విమానం ఎక్కావా ఎప్పుడైనా?"

"లేదు పెదనాన్నా."

"భాష?"

"ఎస్ హాబిస్ వచ్చు."

"బతికేస్తావు" అని ఆయన టికెట్టుకు సంతకం పెట్టారు. తొమ్మిదో తరగతి చదివి, నలభై రెండో ఏట, సంఘం తరఫున సముద్రం దాటిన మొదటి మనిషి మా రేవులో పాన్ షియూలువానే. ఇంతవరకు సంఘం ఖర్చుతో పై దేశం వెళ్లింది అధ్యక్షులు మాత్రమే, అదీ చేపల బొమ్మల ప్రదర్శనకు.

జూన్ ఎనిమిదిన బయలుదేరింది. తార్జోనోకి సెలవు దొరకలేదు, చువాంగ్ పడవ అప్పుడు వేటలో ఉంది. వాళ్లమ్మ బస్టాండుకు వచ్చి తీసుకెళుతుందని ఫోన్‌లో చెప్పాడు. చువాంగ్ భార్య దారికి అరటాకు పొట్లాల్లో జిగురన్నం కట్టి ఇచ్చింది. ఐస్ కిటికీ వెనక ప్రస్తుతానికి హుంగ్ గారే కూర్చుంటున్నారు. చక్రాల కుర్చీ బాగుందంటున్నారు గానీ తిట్లు మాత్రం ఇంత ఉంటాయని అనుకోలేదంటున్నారు. తెగల్ నుంచి రెండు రోజులకొకసారి అంకెలు వస్తున్నాయి. నిన్నటికి నూట ముప్పై ఎనిమిది మంది నొక్కారు. నాలుగు మాటల్లో రెండు ఓడిపోయాయి, ఒకటి తార్జోనోది. మిగిలిన రెంటిలో ఏది గెలుస్తుందోనని కలాసీలు పందేలు కాస్తున్నారు. గెలిచిన మాటతో అలువాన్ జూన్ ఇరవై రెండు, ఆదివారం తిరిగి వస్తుంది.